అమ్మకం లింకులు పెట్టరాదు

వెర్లిన్ స్ట్రౌడ్‌కి రంపాలు సానబెట్టడం తప్ప ఇంకో పని రాదని ఊళ్లో అనేవాళ్లు. అది అబద్ధం. చీవాట్లు పెట్టడం కూడా బాగా వచ్చు. అమెరికాలో ఆర్కన్సా కొండల్లోని కలప మిల్లులో పెద్ద రంపాల పళ్లు అరగదీస్తూ వయసంతా గడిపాడు. ఆ మోతకి వినికిడి సగం పోయింది. మిల్లు మూతపడ్డాక పాత రంపం ముక్కలు ఇంటికి తెచ్చుకుని, పెరట్లో రేకుల షెడ్డు వేసి, గ్యాస్ కొలిమి పెట్టుకుని కత్తులు చేయడం మొదలుపెట్టాడు. భార్య పోయాక ఆ షెడ్డే అతని ఇల్లయింది. తిండికీ నిద్రకీ తప్ప అసలింట్లోకి వెళ్లేవాడు కాదు. ఆ తిండైనా మొక్కజొన్న రొట్టె, ఉడకబెట్టిన చిక్కుడు గింజలు, అంతే.

మిల్లులో చీవాట్లు తినడానికి మనుషులుండేవాళ్లు. షెడ్డులో ఎవరున్నారు? ఆ లోటు ఇంటర్నెట్‌లోని కత్తులవాళ్ల ఫోరం తీర్చింది. దేశం నలుమూలలా గ్యారేజీల్లో, పశువుల కొట్టాల్లో సరదాకి కత్తులు చేసుకునేవాళ్లంతా అక్కడ చేరి, ఏ ఉక్కుని ఎంత కాల్చాలో, ఏ నూనెలో ముంచాలో గంటల తరబడి వాదించుకునేవాళ్లు. ఆ ఫోరం పెట్టినవాడికి ఓపిక పోయి పక్కకి తప్పుకుంటే, అడ్మిన్ పని వెర్లిన్ నెత్తికెత్తుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

మొదట్లో అతను అంత కఠినం కాదు. ఒకసారి ఒకడెవడో మంచి ఉక్కు చవగ్గా ఇస్తానని లింకు పెట్టాడు. దాని కింద వెర్లిన్, "మాట్లాడాను, మంచివాడే" అని రాశాడు. అతని మాట మీద చాలామంది డబ్బు కట్టారు. ఉక్కూ రాలేదు, మనిషీ దొరకలేదు. వెర్లిన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే అతన్ని తినేసింది. ఆ వారమే కూర్చుని రూల్సు రాశాడు.

"అమ్మకం లింకులు పెట్టరాదు. నీ సరుకైనా, నీ బామ్మర్ది సరుకైనా పెట్టరాదు. వేరేచోట ఉన్న సంగతి ఏదైనా చూపించాలంటే ముందు అదేమిటో నీ సొంత మాటల్లో చెప్పు. నోట్లోంచి ముక్క రాకుండా లింకు పారేసి పోవడానికి ఇది చెత్తకుండీ కాదు. రెండుసార్లు చెబుతాను. మూడోసారి గేటు మూస్తాను."

ఆ రోజు నుంచి అందరూ అతన్ని గేటు ముసలాయన అన్నారు. ఆ పేరు పెట్టింది మిజోరీలో ఉండే హొయిట్ మేబ్రీ. హొయిట్‌ది వెర్లిన్‌కి పూర్తిగా ఎదురు స్వభావం. కత్తి పిడి గురించి అడిగితే, వాళ్ల తాత కంచర గాడిద దగ్గర ఎత్తుకుని పిడి దగ్గరికి వచ్చేసరికి మూడు పేజీలయ్యేది. వెర్లిన్ దాన్ని సోది అని తిట్టేవాడు, ఒక్క అక్షరం వదలకుండా చదివేవాడు. ఇద్దరూ ఏడాదికోసారి, మార్చిలో జరిగే సుత్తుల జాతరలో కలిసేవాళ్లు. సభ్యులంతా ఇనుము పెట్టి కొట్టే దాగళ్లు, కొలుములు ట్రక్కుల్లో వేసుకుని ఒక మైదానంలో చేరి, పగలంతా ఇనుము కొట్టి, సాయంత్రం ఒక పెద్ద కుండలోంచి వడ్డించుకుని తింటారు. అక్కడ హొయిట్ తన ఫోన్ నంబరు ఇచ్చాడు. వెర్లిన్ జేబులో పెట్టుకున్నాడు గానీ ఏనాడూ చేయలేదు. రోజూ రాసుకునేవాళ్లకి ఫోనెందుకు అనేవాడు.

ఒక జనవరిలో ఆ ప్రాంతమంతా మంచు గడ్డకట్టింది. చెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. కరెంటు తిరిగొచ్చాక వెర్లిన్ ఫోరం తెరిస్తే హొయిట్ పేరు మీద ఒక పోస్టు కనిపించింది. "మూసిన షెడ్డులో పనిచేసేవాళ్లందరూ ఇది కొనండి. ఇవాళే కొనండి. ప్రాణం కాపాడుతుంది." కింద ఏదో దుకాణం లింకు. అంతే.

వెర్లిన్‌కి నవ్వొచ్చింది. మూడు ముక్కల్లో ముగించేవాడు హొయిట్ ఎలా అవుతాడు? ఇవాళే కొనండి, ప్రాణం కాపాడుతుంది అనేది దొంగ సరుకు అమ్మేవాళ్ల భాష. లింకు నొక్కి చూడనైనా లేదు. నొక్కితే కంప్యూటర్‌కి జబ్బు చేస్తుందని అతని భయం. పోస్టు తీసేసి, "హొయిట్, నీ ఖాతాలోకి ఎవడో దూరాడు. పాస్‌వర్డ్ మార్చుకో, గాడిదా" అని ఈమెయిల్ పెట్టాడు. మర్నాడు అదే పోస్టు మళ్లీ వచ్చింది. మళ్లీ తీశాడు. మూడోసారి వచ్చేసరికి రూలు ప్రకారం ఆ ఖాతాకి గేటు మూసేశాడు.

మినెసోటా నుంచి ఆర్విడ్ అనే పాత సభ్యుడు, "శభాష్ గేటు ముసలాయనా. దొంగలు హొయిట్ పేరు కొట్టేశారు గానీ వాడి సోది కొట్టేయలేకపోయారు" అని రాశాడు. అందరూ నవ్వారు. వెర్లిన్ కూడా నవ్వాడు. అలా కాలర్ ఎగరేసుకున్న రోజులు అతని జీవితంలో తక్కువ.

తరవాత హొయిట్ దగ్గర్నుంచి జవాబు రాలేదు. అలిగాడనుకున్నాడు. ఫోన్ చేద్దామని ఒకసారి కాగితం బయటికి తీశాడు కూడా. మార్చిలో ఎలాగూ వస్తాడు, అక్కడే తిట్టుకుందాంలే అని మళ్లీ మడిచి పెట్టేశాడు. ఫోన్ చేయడానికి ఏం పట్టేది? ఏమీ పట్టేది కాదు. బద్ధకం, కాస్త బింకం, అంతే. వాటికి ఇంకో పేరు పెట్టి అతన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు.

మార్చిలో మైదానంలోకి హొయిట్ ట్రక్కు వచ్చింది. వెర్లిన్ తిట్లు సిద్ధం చేసుకుని ఎదురెళ్లాడు. ట్రక్కులోంచి సన్నగా ఉన్న ఒక ముసలామె దిగింది.

"నేను నెల్డాని, హొయిట్ భార్యని" అంది. "వెనకాల ఆయన సామానుంది. దాగలి, పటకార్లు, అన్నీ. మీలో ఎవరికేం కావాలో తీసుకోండి."

"హొయిట్ ఏడమ్మా?" అన్నారెవరో.

"పోయారు. జనవరిలో, ఆ మంచు వారం. చలికి తలుపులన్నీ బిగించుకుని కొలిమి వెలిగించుకున్నారు. అన్నానికి పిలుద్దామని వెళితే దాగలి పక్కన కుర్చీలో ఉన్నారు. కునుకు తీస్తున్నారనుకున్నా. కొలిమి మండితే ఒక విషపు గాలి వస్తుందట. కంటికి కనపడదు, వాసన రాదు. గోడకి తగిలిస్తే అది రాగానే కూసే అలారం ఉంటుందట. డాక్టరు చెప్పేదాకా నాకు ఆ సంగతే తెలీదు."

అందరూ టోపీలు తీశారు. నెల్డా వాళ్ల మొహాల్లోకి ఒక్కొక్కటిగా చూసింది.

"మీరందరూ కొనుక్కున్నారు కదా?"

"ఏంటమ్మా?"

"అదే, అలారం. మీ దాంట్లో పెట్టాను కదా. ఆయన కంప్యూటర్ తెరిచే ఉంది. నాకు ఆయనలా రాయడం రాదు. పోయారని రాయబోతే వేళ్లు కదల్లేదు. అందుకని కొనండి అని మాత్రం రాశా. ఎందుకో పోయింది, మళ్లీ పెట్టా. మూడోసారి తరవాత అది నన్ను లోపలికి రానివ్వలేదు. సరే, అందరూ చూసే ఉంటారు, ఇంక చాల్లే అనుకున్నా."

కొంతమంది వెర్లిన్ వైపు చూసి చూపు తిప్పుకున్నారు. వెర్లిన్ ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆమెకి తెలియదు, చెప్పేవాళ్లూ లేరు.

"ఎవరూ కొనలేదమ్మా" అన్నాడు. "నేనే తీసేశాను. ఎవరో దొంగలనుకున్నాను. మీకు గేటు మూసింది నేనే."

"మీరు వెర్లిన్ గారా?"

"అవునమ్మా."

"మీ రూల్సు ఆయన నాకు చదివి వినిపించి నవ్వేవారు. వెర్లిన్ ఉన్నాడు కాబట్టే అక్కడికి దొంగలు రారు అనేవారు." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతను తట్టుకునేవాడు. "ఒక్క ఫోన్ చెయ్యాల్సిందండీ. నేనే ఎత్తేదాన్ని."

ఆమె ట్రక్కు ముందు సీటులోంచి ఒక చిన్న తెల్లటి డబ్బా తెచ్చింది. "ఆయన పోయాక కొని ఆ షెడ్డులోనే తగిలించా. ఎందుకు తగిలించానో నాకే తెలీదు. అక్కడ ఇంక కొలిమి వెలిగించేవాళ్లు లేరు. మీ షెడ్డులో ఉందా?"

"లేదు."

"అయితే తీసుకెళ్లండి."

దాగలి ఎవరు తీసుకున్నారో, ఆ సాయంత్రం ఎవరేం తిన్నారో వెర్లిన్‌కి గుర్తులేదు. ఇంటికొచ్చిన మర్నాడు వాన పట్టింది. అలారాన్ని షెడ్డు గోడకి తగిలించి, జల్లు కొట్టకుండా ఎప్పటిలాగే తలుపు మూసి కొలిమి వెలిగించాడు. పని నడుస్తుండగా తలనొప్పి మొదలైంది. చలికాలమంతా అతనికి ఆ తలనొప్పి ఉండేదే. కళ్లజోడు మార్చాలి కాబోలు అనుకుంటూ ఏళ్లు గడిపేశాడు. ఉన్నట్టుండి ఎక్కడో సన్నగా కీచుమన్నట్టు అనిపించింది. రేకుల మీద వాన చప్పుడేమో అనుకున్నాడు. తల తిప్పి చూస్తే గోడ మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతోంది.

గ్యాస్ కట్టేసి, తలుపు బార్లా తీసి, పెరట్లో వానలో నిలబడ్డాడు. ఇన్నాళ్లూ హొయిట్ కూర్చున్నలాంటి కుర్చీలోనే తనూ కూర్చున్నాడు, తను మాత్రం లేచొచ్చాడు. తనని లేపింది తను తీసి పారేసిన సంగతే. అతను ఏడ్చాడు. ఎవరూ చూడరు కాబట్టి గట్టిగానే ఏడ్చాడు.

తరవాత ఇంట్లోకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. హొయిట్ ఖాతాకి గేటు తెరిచి, తీసేసిన మూడు పోస్టులనీ మళ్లీ పెట్టాడు. అందరికీ కనపడేలా అన్నిటికన్నా పైన పెట్టాడు. ఇక సొంత మాటల్లో అదేమిటో చెప్పాలి. రూలు రాసింది తనే. హొయిట్ అని కొట్టి ఆగిపోయాడు. ముందుకి ఒక్క అక్షరం పడలేదు.

ఈలోపే కింద ఆర్విడ్ రాశాడు. దూరాభారం వల్ల ఆ ఏడు అతను జాతరకి రాలేదు. "గేటు ముసలాయనా, నిద్రపోతున్నావా? ఆ దొంగలు మళ్లీ దూరారు. తీసెయ్."

వెర్లిన్ ఈసారి జవాబు రాయలేదు. ఆర్విడ్ నంబరు వెతికి ఫోన్ చేశాడు.

"ఆర్విడ్, వెర్లిన్‌ని. ఎక్కడున్నావు?"

"షెడ్డులో. నువ్వు ఫోన్ చెయ్యడమేంట్రా బాబూ, ఏం కొంప మునిగింది? ఆ లింకు తీశావా?"

"కొలిమి వెలుగుతోందా?"

"పొద్దుట్నుంచీ."

"తలుపు తెరిచుందా?"

ఆర్విడ్ నవ్వాడు. "నీకు మతి పోయిందా? మా దగ్గర ఇంకా మోకాలి లోతు మంచుంది. ఇంత చలిలో తలుపెవడు తెరుస్తాడు?"

"ముందు లేచి తలుపు తియ్యి. తరవాత చెబుతాను."

"ఏమైంది?"

"తియ్యరా."

వెర్లిన్ వినపడే చెవికి ఫోన్ గట్టిగా అదుముకున్నాడు. కుర్చీ జరిగింది, అడుగులు వినిపించాయి, గడియ తీసిన చప్పుడైంది, చలిగాలి హోరు ఫోన్లోకి వచ్చింది. అప్పుడు హొయిట్ పోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.