సొంత మోకాళ్ళతో అంగ్‌కోర్ వాట్

2011 అక్టోబరు. నేపర్‌విల్‌లో ఇండియన్ గ్రోసరీ పక్కన నాకో చిన్న ట్రావెల్ ఆఫీసు ఉండేది. రెండు బల్లలు, ఒక ప్రింటరు, గోడకి తెలుగు క్యాలెండరు. టికెట్లు ఎవరికి వాళ్ళు ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం మొదలయ్యాక, నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా గుంపుగా గుళ్ళు చూడాలనుకునే మనవాళ్ళే. విమానం తప్ప మిగిలినవన్నీ, అంటే హోటలు, బస్సు, గైడు, పప్పన్నం దొరికే చోటు, కలిపి ఇస్తే దాన్ని ల్యాండ్ ప్యాకేజీ అంటాం. ఆ ఊళ్ళో ఉండి ఆ ఏర్పాట్లు చూసే ఏజెంటు గ్రౌండ్ హ్యాండ్లర్. మా ఇద్దరి మధ్య పనంతా ఈమెయిల్ మీదే నడుస్తుంది. ఈమెయిల్ చదవడం నాకు బాగా వచ్చనే అనుకునేదాన్ని.

రాజ్యలక్ష్మి గారు హాస్పిటల్ ల్యాబ్‌లో పాతికేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఏడుగురు స్నేహితురాళ్ళను వెంటేసుకుని కాంబోడియా వెళ్ళాలని వచ్చారు. కుర్చీలో కూర్చోవడానికే ఆవిడకు నా బల్ల ఆసరా కావలసి వచ్చింది.

"అమ్మాయ్, అంగ్‌కోర్ వాట్‌లో పై అంతస్తు మెట్లు నిలువుగా ఉంటాయటగా?"

"అవును ఆంటీ. కింద నుంచి కూడా బాగానే కనిపిస్తుంది."

"కింద నుంచి చూడ్డానికి అంత దూరం ఎందుకు? ఫోటో చాలదూ? మార్చిలో నా రెండు మోకాళ్ళూ రీప్లేస్ చేస్తున్నారు. ఈలోపల నా సొంత మోకాళ్ళతో ఎక్కాలి."

"కొత్తవి వచ్చాక ఇంకా ఈజీగా ఎక్కచ్చు కదా!"

"అవి కంపెనీ వాళ్ళ మోకాళ్ళు. పుణ్యం వాళ్ళకి పోతుంది," అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. అప్పుడే ఆవిడ నాకు తెగ నచ్చేశారు.

తేదీల దగ్గర ఇద్దరం ఒక్కసారే క్యాలెండరు వైపు చూశాం. విష్ణువుకు కట్టిన గుడి. ఫిబ్రవరిలో మాఘ పౌర్ణమి. ఇంకేం కావాలి? అంగ్‌కోర్ వాట్‌ను సరిగ్గా ఆ రోజుకి పెట్టాను. మర్నాడు పదకొండు గంటలకు గుంపంతా వియత్నాంలోని హనోయ్‌కి విమానం ఎక్కాలి. గ్రౌండ్ హ్యాండ్లర్ వెంటనే జవాబిచ్చాడు: పౌర్ణమి 'సిల్ డే', దయచేసి గమనించండి అని. సిల్ అంటే శీలం అయి ఉంటుంది, అబ్బ, మన మాటే అని మురిసిపోయాను. "తెలుసు, చాలా మంచి రోజు, అందుకే అడుగుతున్నాం, మార్చవద్దు" అని రాసి పంపాను. పాపం, అతను ఇంకేమంటాడు!

ఫిబ్రవరిలో పౌర్ణమికి ముందు రోజు సాయంత్రం ఏడు గంటలకు, అంటే అక్కడ పౌర్ణమి పొద్దున్న ఎనిమిదికి, గైడు సోఖా ఫోన్ చేసి రాజ్యలక్ష్మి గారికి ఇచ్చాడు.

"అమ్మాయ్, మెట్లకి తాడు కట్టేశారు. ఇవాళ ఎవర్నీ ఎక్కనివ్వరట."

ఆ గుడి ఇప్పుడు బౌద్ధులది. గుడికొచ్చి ప్రార్థనలు చేసుకునే శీల దినాల్లో పై అంతస్తు మూసేస్తారు. పౌర్ణమి వాళ్ళ శీల దినం. గ్రౌండ్ హ్యాండ్లర్ పాత ఈమెయిల్ తెరిచి చదివితే అంతా అక్కడే ఉంది. మంచి రోజని నేను ఏరి కోరి పెట్టిన రోజే వాళ్ళు తలుపు వేసుకునే రోజు. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు. "సరే, మెట్ల దగ్గర కూర్చుంటాను," అన్నారు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది.

వెంటనే సోఖాతో మాట్లాడాను. మర్నాడు పొద్దున్న ఏడున్నర దాటాక తాడు విప్పుతారు. మిగిలిన ఏడుగురూ, సామానూ బస్సులో ఎయిర్‌పోర్టుకి. ఆంటీ, సోఖా మాత్రం ఆటోలాంటి టుక్‌టుక్‌లో గుడికి. తొమ్మిదింటికి అక్కణ్ణించి కదిలితే విమానం అందుతుంది.

"విమానం దొరక్కపోతే?" అన్నాను ఆంటీతో.

"ఇంకోటి బుక్ చేద్దువుగాని. మోకాళ్ళు ఇంకోసారి దొరకవు."

మర్నాడు సాయంత్రం ఆఫీసు తాళం వెయ్యకుండా ఫోను ముందే కూర్చున్నాను. ఏడున్నరకు మోగింది. ముందు వగర్పు, తర్వాత గొంతు.

"ఎక్కానమ్మాయ్! ఎనిమిది సార్లు ఆగాను. చుట్టూ అడవి, కింద రాళ్ళ మీద ఎండ. ఎంత బావుందో నీకు చెప్పలేను." తర్వాత, "అవునుగానీ, దిగడం నీ ఐటినరరీలో ఎక్కడుంది?"

లేదు. మోకాళ్ళ నొప్పివాళ్ళకి ఎక్కడం కన్నా దిగడం కష్టమని నాకు తట్టనే లేదు. ఇన్నేళ్ళుగా జనాన్ని కొండలెక్కించినదాన్ని! ఫోను పెట్టేయకుండా అలాగే పట్టుకున్నాను. ఆంటీ ఫోను స్పీకర్‌లో పెట్టి సోఖాకి ఇచ్చి, వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని, నిచ్చెన దిగినట్టు ఒక్కో మెట్టూ దిగారు. సోఖా ఒక మెట్టు కింద నిలబడి ఆవిడ పాదం ఎక్కడ పెట్టాలో చెబుతున్నాడు. ఆవిడ తెలుగులో లెక్కపెడుతున్నారు, అతనూ ఆ అంకెలే పలుకుతున్నాడు. చివరి మెట్టు దగ్గర ఇద్దరూ ఒక్కసారే అరిచారు. నేనూ అరిచాను. పక్క గ్రోసరీ ఆయన ఏమైందోనని తొంగి చూశాడు.

విమానం అందింది.

తిరిగొచ్చాక చెప్పారు. తాడు కట్టిన రోజు ఆవిడ మెట్ల దగ్గర ఊరికే కూర్చోలేదట. తెల్లబట్టల్లో, తామర మొగ్గలతో శీలానికి వచ్చిన ముసలమ్మలు పక్కన చోటిచ్చారట. ఒకావిడ ఆంటీ మోకాళ్ళు చూసి, తన మోకాళ్ళు చూపించి, సంచిలోంచి బామ్ తీసి రాసిందట. "నీ తప్పు వల్లే ఆ స్నేహం దొరికింది. అలాగని మళ్ళీ చెయ్యకు," అన్నారు.

మళ్ళీ చెయ్యలేదు. ఆ గుడిని మన దేవుడి గుడి అనుకుని మన క్యాలెండరు చూసి తేదీ పెట్టాను. అక్కడ రోజూ దణ్ణం పెట్టుకునేవాళ్ళు ఉన్నారని, వాళ్ళకో క్యాలెండరు ఉందని మర్చిపోయాను. ఆ తర్వాత ఏ గుడికైనా తేదీ వేసే ముందు అక్కడి మనిషికి ఫోన్ చేసి, ఆ రోజు మీకేమిటి అని అడుగుతాను. చెప్పింది అర్థమయ్యేదాకా అడుగుతాను.

ఆగస్టులో రాజ్యలక్ష్మి గారు మళ్ళీ వచ్చారు. బల్ల పట్టుకోకుండా కూర్చున్నారు.

"కొత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయి ఆంటీ?"

"బానే ఉన్నాయి. కానీ పాపం వీటికేం తెలుసు, ఎక్కడికీ వెళ్ళలేదు." చేత్తో రెండింటినీ నిమిరారు. "తీసికెళ్ళి చూపించాలి. ముందు సోఖాకి ఫోన్ చెయ్యి, తాడు ఎప్పుడు విప్పుతారో అడుగు."