ఖాళీ బెంచీల ట్యూషన్

ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసి, ఉద్యోగం రాక, అనకాపల్లిలో ఒక మేడ మీద గది తీసుకుని ఇంటర్ పిల్లలకి ట్యూషన్ పెట్టాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త, ఊరంతా ఇంజనీరింగ్ పిచ్చి. నెల గడిచినా ఒక్కరూ చేరలేదు. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ఖాళీ బెంచీలు చూసి, "మళ్లీ వత్తాం సార్" అని మెట్లు దిగిపోయేవారు. నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కిందకి దిగి రోడ్డు చూడాలనిపించేది. దసరాలోగా పిల్లలు రాకపోతే మామయ్య సిమెంటు కొట్లో చేరతానని ఇంట్లో ఒప్పుకున్నాను. ఆ మాట తలచుకుంటే అన్నం సయించేది కాదు.

మా చెల్లెలి మొగుడు సబ్బవరం రోడ్డులో షేర్ ఆటో తిప్పేవాడు. స్టాండులో ఎప్పుడూ అతని బండే ముందు నిండేది. కిటుకేమిటో ఒకరోజు ఎక్కాక తెలిసింది. వెనక సీట్లో ఉన్నవాళ్లు తోటి డ్రైవర్లు. అసలు ప్యాసింజర్లు ఎక్కుతుంటే వాళ్లు ఒక్కొక్కరే దిగి టీ కొట్టుకి పోతున్నారు.

"ఖాళీ బండి ఎవుడెక్కుతాడు బావా?" అన్నాడు.

మా ఊరి సినిమా హాల్లో సగం సీట్లు ఖాళీగా ఉన్నా హౌస్‌ఫుల్ బోర్డు పెట్టడం గుర్తొచ్చింది. గిరాకీ ఉన్నచోటికే గిరాకీ వస్తుందని నా పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. నాకు మాత్రం అది ఆ ఆటోలో ఇద్దరి మోచేతుల మధ్య నలుగుతుంటే బోధపడింది.

మర్నాడు సాయంత్రం, నేను పిలవకుండానే, అతను నలుగురు డ్రైవర్లని వెంటేసుకుని మేడెక్కాడు. ఖాకీ చొక్కాలు విప్పి తెల్లవి తొడుక్కొచ్చి, బెంచీల మీద సర్దుకు కూర్చున్నారు. ఒకాయనకి బుర్రమీసాలు.

"ఏటిది, ఈళ్లు ఇంటర్ కుర్రాళ్లలా ఉన్నారా?" అని గొణిగాను.

"గుమ్మంలోంచి సూసేవోళ్లకి ఈపులే కదా బావా కనబడేది."

తిట్టి పంపేద్దామనుకునేలోపు, చీడికాడ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి చూసి, చెప్పులు విప్పి, వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

గుండె దడదడలాడుతుండగానే పాఠం మొదలుపెట్టాను. ఒకే సినిమా మళ్లీ మళ్లీ చూస్తే ఒక్కోసారికీ ఆనందం తగ్గుతూ పోతుంది, దాన్నే క్షీణోపాంత ప్రయోజనం అంటారన్నాను. మీసాలాయన ఊరుకోలేదు.

"మా హీరో సినిమాకి అలాగవదండి. ఐదోసారికి డైలాగులన్నీ మనవే సెప్పొచ్చు. అప్పుడే మజా."

అమ్మాయి తల వంచుకుని నవ్వింది. అతన్ని ఒప్పించాలన్న పంతంలో దడ సంగతే మరిచిపోయి చీకటిపడేదాకా వాదించాను. ఈ సబ్జెక్టంటే నాకెంత ఇష్టమో చాలా రోజులకి గుర్తొచ్చింది.

అందరూ వెళ్లాక ఆ అమ్మాయి ఆగింది.

"నిన్న ఆ మీసాలాయన ఆటోలోనే వచ్చేనండి" అంది.

నా మొహం మాడిపోయింది. "తెలిసీ ఎందుకు కూర్చున్నావమ్మా?"

"ఆళ్లు ఉత్తుత్తి వోళ్లయినా మీరు సెప్పింది నిజమే కదండి. రేపు నేనొక్కదాన్నే వచ్చినా సెప్తారా?"

తలూపాను. కొట్లో చేరడం లేదని ఆ రాత్రే వెళ్లి మామయ్యకి చెప్పేశాను.