ఒక ఇటుక తక్కువ

ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో రేడియేషన్ రక్షణాధికారి ఆయన. అందరికీ సీసం సారు. మనిషి అగ్గిపుల్లలా ఉంటాడు, కోపమూ అంతే. స్కానింగ్‌కు వాడే గామా కిరణాల మందు ఉంచే బల్ల ముందు, ఆ కిరణాలను ఆపే సీసపు ఇటుకల గోడ ఉంది. పొద్దున్నే గదిలో దీపాలార్పించి, గోడకు ఇవతల, మందు ఉండే వైపు, టార్చి పట్టుకుని నిలబడతాడు. అవతల కూర్చునే నర్సు "వెలుగు రాలేదు సార్" అనేదాకా కదలడు. "వెలుగు దూరిన సందులో గామా దూరదా?" అని రోజూ అదే పాట. అందరికీ చెవిలో జోరీగ.

ఆ రోజు టార్చి వేయగానే నర్సు ముఖం మీద అరచేతంత వెలుగు పడింది. పై వరసలో ఒక ఇటుక లేదు. ఇక డాక్టరు మొదలు ఊడ్చే మనిషి దాకా అందరినీ చెడామడా దులిపేశాడు. "నిన్న సాయంత్రం దాకా ఈ పిల్ల ఇక్కడే కూర్చుందయ్యా! ఏ మహానుభావుడు పట్టుకుపోయాడు?" నర్సు రెండుసార్లు "సార్..." అంది. "నువ్వాగమ్మా!" అన్నాడు. చివరికి గొంతు పట్టేసి, మంచినీళ్ల కోసం తన గదికి వెళ్లాడు. ఇటుక అక్కడే, తలుపుకు అడ్డంగా ఉంది. నిన్న మధ్యాహ్నం ఎవరినో తిడుతుంటే గాలికి తలుపు టపటపా కొట్టుకుంటోందని తనే తెచ్చి పెట్టాడు.

రెండు చేతులా మోసుకొచ్చి దాన్ని గోడలో పెట్టాడు. నర్సు ఒంటికి తగిలిన కిరణాల లెక్క తేల్చే బ్యాడ్జీని పరీక్షకు పంపాలని తీసుకున్నాడు.

"నీకు తెలుసా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"పొద్దున మీ తలుపు దగ్గర చూశాను సార్."

"మరి చెప్పవేం?"

"చెప్పనిచ్చారా?"