పట్టుకు పనికొచ్చే వేళ్ళు

ప్రమోద ధర్మవరం కోడలిగా వచ్చిన మూడో రోజునే ఆమె చేతులకు పరీక్ష జరిగింది. అత్త కుళ్ళాయమ్మ ఒక చిలప, చుట్టగా మడిచిన పట్టు నూలు, తెచ్చి ఒళ్ళో పెట్టి, "దీన్ని మెల్లగా దువ్వు, చూస్తాం" అంది. అంత మెత్తటి నూలు ప్రమోద ఎన్నడూ ముట్టుకోలేదు. సంబరంగా చెయ్యి పోనిచ్చిందో లేదో, వేలి కొసలకు పోగులు పట్టుకుని పిల్లి మీసాల్లాగా పైకి లేచాయి. కుళ్ళాయమ్మ గబుక్కున చిలప లాక్కుంది.

"ఈ చేతులు సంగటి కెలకను పనికొస్తాయమ్మే. పట్టుకు పనికిరావు."

కొత్త కోడలిని అలా అనొచ్చా అంటే అనకూడదు. కానీ ఆమె అన్నది అబద్ధమూ కాదు. ప్రమోద పుట్టింది బుక్కపట్నంలో. వాళ్ళ నాయనకు చెరువు కింద ఎకరా మడి, మెట్టలో మూడెకరాల చెనక్కాయ చేను. పదేళ్ళప్పటి నుంచి చెట్లు పీకి, కాయలు రాల్చిన చేతులవి. వేళ్ళ మీద మడతలన్నీ నల్లగా గీసుకుపోయి ఉండేవి.

ఆ ఇంట్లో ముందరి గదంతా మగ్గమే. మనుషులు మిగిలిన చోట సర్దుకోవాలి. ప్రమోద మొగుడు అశోక్ మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని నడుమ కూర్చుని నేస్తాడు. వాళ్ళు నేసే చీరకు ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఇంకొకటి. ఆ అంచు పడాలంటే కుడి పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు రంగు పోగు నింపిన అంచు నాడె విసరాలి. ముప్పై ఏళ్ళుగా ఆ చోటు కుళ్ళాయమ్మది. మొదట మొగుడి పక్కన, ఆయన పోయాక కొడుకు పక్కన.

ఆ ఇంటికి ఒక కట్టుబాటుండేది. అంచు నాడె విసిరే చెయ్యి ఈలపీట ముట్టకూడదు. కాలి కింద అదిమిపట్టి కూరగాయలు తరిగే ఆ ఈలపీట ఎంత జాగ్రత్తగా ఉన్నా వేలి కొసన సన్న గీత పెట్టకుండా వదలదు. ఆ గీత కంటికి కనపడదు గానీ పట్టుపోగుకు కనపడుతుంది. అందుకే కుళ్ళాయమ్మకు ఆమె అత్తే కూరలు తరిగి పెట్టేది. ఆ ముసలామె పోయాక రెండేళ్ళు ఆ ఇంట్లో కూర అన్నమాటే లేదు. పప్పు, చారు, గుడ్డు, మళ్ళీ పప్పు. పక్కింటి సావిత్రమ్మ నోరు ఊరుకుంటుందా? "అశోక్‌కు పెండ్లాన్ని కాదబ్బా, ఈలపీటకు మనిషిని తెచ్చుకున్యారు" అని వీధంతా చెప్పింది. ప్రమోద చెవినా పడింది. నవ్వేసింది గానీ, ఆ మాట మరిచిపోలేకపోయింది.

ఎందుకంటే ఆమెకు వంట మీద మనసు లేదు. మనసంతా ముందరి గదిలో ఉండేది. తల్లీకొడుకులిద్దరూ నాడెలు విసురుకుంటూ ఏవేవో కబుర్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. మగ్గం చప్పుడుకు మాటలు సగమే వినపడేవి. పొయ్యి ముందర కూర్చుని ఆ సగం మాటలు వింటుంటే, సొంత ఇంట్లో చుట్టంలాగా ఉన్నట్టనిపించేది. ఆ పక్కన కూర్చోవాలి, నా చేత్తో ఒక్క అంచయినా వెయ్యాలి అని ఆశ. రోజూ పడుకునే ముందు వేళ్ళకు ఆముదం పట్టించేది. పొద్దున్నే ఈలపీట ముందర కూర్చునేది. అంతే, వేలి కొసన మళ్ళీ కొత్త గీత. రాత్రి పట్టించిన ఆముదమంతా బూడిదలో పోసిన పన్నీరయ్యేది.

నాలుగేళ్ళు అట్లాగే గడిచాయి. 2003లో కుళ్ళాయమ్మ కళ్ళకు పొరలు వచ్చాయి. ఆపరేషన్ అంటే చాలు, "నా కళ్ళు నాకు బాగానే ఉండాయి" అని కస్సుమనేది. కానీ అంచులో పోగులు తప్పసాగాయి. అశోక్ నోరెత్తకుండా విప్పి మళ్ళీ నేసేవాడు. ఒకరోజు మాత్రం భోజనం దగ్గర ప్రమోదతో మెల్లగా అన్నాడు.

"అమ్మకు కనపడ్డంలే. పక్కకు ఇంకో మనిషి దొరకడంలే. పిల్లోళ్ళంతా కంపెనీలకు పోతాండారు. ఈ ఏడు చూసి మగ్గం తీసేస్తా. హిందూపురంలో ఏదో ఒక పని దొరక్కపోదు."

"నేను కూచుంటా" అంది ప్రమోద.

అశోక్ ఆమె వేళ్ళ వైపు చూశాడు. తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఏదో ఒకటి అనుంటేనే బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ నెలలోనే ప్రమోద పెద్దమ్మ కూతురి నిశ్చితార్థానికి ఇద్దరూ రైలెక్కి హిందూపురం పోయారు. తిరుగు రైలుకు ఇంకా మూడు గంటలుంది. ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టారంటే చూద్దామని వెళ్ళారు. ఒక అంగడి ముందర జనం గుమిగూడి ఉన్నారు. లోపల ఒకాయన గొంతు చించుకుంటున్నాడు.

"రండక్కా రండి! కత్తి లేదు, పీట లేదు, కన్నీళ్ళు లేవు! తిప్పితే చాలు, కూర రెడీ!"

ఆయన ముందర కూరగాయలు తరిగే చిన్న యంత్రం ఉంది. పిడి పట్టి తిప్పుతుంటే ఉర్లగడ్డ గిరగిరా తిరుగుతూ, ఇవతలి పక్క నుంచి చుట్టలు చుట్టలుగా, తెగని తాడులాగా రాలుతోంది. జనం ఆహా అంటున్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఆయన ఇంకా రెచ్చిపోయి ముల్లంగి బిగించాడు. ప్రమోద మాత్రం రాలే చుట్టల్ని చూడడం లేదు. ఆయన వేళ్ళను చూస్తోంది. కుడి చెయ్యి పిడి మీద ఉంది. ఎడమ చెయ్యి కాయను ముందుకు జరిపే చెక్క వెనకాల ఉంది. కత్తి ఎక్కడో అవతల ఉంది.

జనాన్ని తోసుకుని ముందుకు పోయింది.

"అన్నా, దీంట్లో వేలు తెగే దారి యాడుండాది?"

ఆయన బిత్తరపోయాడు. ఇన్నాళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న వేసినట్టు లేదు. "వేలు పెడదామన్నా పట్టదక్కా!"

"అట్లయితే నన్ను తిప్పనీ."

రెండు రకాలున్నాయి. ఒకటి ప్లాస్టిక్‌ది, తెల్లగా తళతళలాడుతోంది. కింద రబ్బరు కాళ్ళు, బల్లకు అతుక్కుంటాయట. ఇంకోటి ఇనుపది, చూడ్డానికి మొద్దుగా ఉంది. కొబ్బరి తురిమే యంత్రంలాగా మరతో బల్ల అంచుకు బిగించాలి. ఆయన తెల్లదాన్నే ముందుకు తోశాడు. మెత్తటి కీరకాయకు అది బాగానే తిరిగింది. "బీట్‌రూట్ పెట్టన్నా" అంది ప్రమోద. బీట్‌రూట్ పెట్టేసరికి కాళ్ళు లేచి యంత్రం గంతులేసింది. అశోక్ వంగి, చెవి దగ్గర పెట్టుకుని, ఖాళీగా తిప్పి విన్నాడు. నేతగాడు రాట్నం కొనేటప్పుడు అట్లాగే వింటాడు.

"ఇరుసు కొట్టుకుంటాండాది. ఇది ఆర్నెల్లు కూడా రాదు."

ఇనుపది తిప్పి విన్నాడు. తల ఊపాడు. ప్రమోద దానికి ఎరుపు, తెలుపు, పచ్చ అన్నీ బిగించి తిప్పి చూసింది. చివరికి అంగడాయనే, "అక్కా, అన్నీ నువ్వే తరిగేస్తే రేపటికి నాకేం మిగులుతుంది, తీస్కపోమ్మా తల్లీ!" అని దణ్ణం పెట్టాడు. నిశ్చితార్థం దగ్గర వాళ్ళమ్మ చేతిలో పెట్టిన దుడ్లతో ప్రమోద ఇనుపదాన్నే కొంది. రైల్లో ధర్మవరం దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక తెలిసింది, ఆ ఇంట్లో బల్ల లేదని. వంటంతా నేల మీదే. మర బిగించడానికి ఒక అంచు కావాలి. పొద్దున అశోక్ నూలుకు పోయాడు. కుళ్ళాయమ్మ గుడికి పోయింది. ప్రమోద ఇల్లంతా వెతికింది. అంచున్న చెక్క ఒక్కటే కనిపించింది. మగ్గం గుంట ఒడ్డున, నేసేవాళ్ళు కూర్చునే పలక. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఆత్రం ఆగలేదు. ఆ పలకకే యంత్రం బిగించి, బీట్‌రూట్ పెట్టి, బలంకొద్దీ తిప్పింది. చుట్టలు రాలేదు. ముక్కలు ముక్కలుగా తెగి, ఎర్రటి రసం చింది పలకంతా పడింది.

సరిగ్గా అప్పుడే కుళ్ళాయమ్మ గడపలో నిలబడింది.

చూపు మందగించింది కానీ ఎరుపు కనపడకుండా పోతుందా? "అయ్యో అయ్యో! మగ్గం మీద కూర తరుగుతాండావా!" అని ఒక్క కేక వేసింది. మగ్గానికి పూజ చేస్తారు, ఆ దరిదాపుల్లో ఎంగిలి గిన్నె కూడా పెట్టరు. పైగా రెండు మూరల దూరంలో లేత పసుపు పోగుల పడుగు సాగి ఉంది. కుళ్ళాయమ్మ వంగి పడుగంతా తడిమింది. దేవుడి దయ, చుక్క కూడా పడలేదు.

"ఆశపడితే పడ్నావు. కండ్లు కూడా నెత్తికెక్కించుకోవల్లనా?"

ఆ మాటన్నాక రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. ప్రమోద పలక కడిగి, పసుపు కుంకుమ పెట్టి, వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తప్పు తనదే. తెలుసు. ఇంక ఈ జన్మకు ఆ పక్కన కూర్చునే రాత లేదనుకుని యంత్రాన్ని అటక మీద పడేసింది.

దాన్ని కిందికి దించింది అశోక్. ఇంట్లో చక్రం విరిగిన పాత రాట్నం ఒకటి మూలన పడి ఉంది. దాని చక్రం, కంబాలు ఊడదీసి అడుగు చెక్క మాత్రం ఉంచి, దాని అంచుకు యంత్రం బిగించాడు. తెచ్చి వంటింట్లో నేల మీద పెట్టాడు. "ఈడ తిప్పుకో. ఎవురూ ఏమనరు" అన్నాడు.

ప్రమోద బెంగళూరు వంకాయ చెక్కు తీసి, రెండు కొసలూ చదునుగా కోసి, యంత్రంలోని ముళ్ళకు గుచ్చింది. తిప్పింది. మళ్ళీ ముక్కలే. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ముక్కలే. వాకిట్లో కూర్చున్న కుళ్ళాయమ్మ ఆ చప్పుడు వింటోంది. కరకర, టక్. కరకర, టక్. ఎంతసేపని వింటుంది? ముప్పై ఏళ్ళు రాట్నం మీద కండెలకు నూలు చుట్టిన మనిషికి ఆ తెగిన చప్పుడు ఒంటికి గిట్టలేదు. లేచి వచ్చింది.

"జరుగు. ఎడం చేత్తో తొయ్యకూడదే! ఊరికే ఆనించుకోవల్ల. పోగు పట్టుకున్నట్ల."

చెక్క ముందర చతికిలబడింది. ఆ చెక్క రాట్నమంత ఎత్తే కాబట్టి ఆమె చెయ్యి వెతుక్కోకుండానే పిడి మీదికి పోయింది. ఎడమ చెయ్యి కాయను జరిపే చెక్క మీద ఆనించి, కుడి చెయ్యి తిప్పింది. కళ్ళు ఎటో ఉన్నాయి. పచ్చటి చుట్ట బయటికొచ్చి, పళ్ళెంలో పడి, పేరుకుంటూ పోయింది. కాయ మొత్తం అయిపోయి నడిమి పుల్ల మిగిలేదాకా ఒక్కచోట తెగలేదు. ప్రమోద నోరు తెరుచుకుని చూసింది. కుళ్ళాయమ్మ చుట్టను రెండు చేతుల్లో ఎత్తి పొడవు చూసుకుని, చిన్నపిల్లలాగా కిసుక్కున నవ్వింది.

"ఇంకోటి తే."

ఆ తర్వాత సంగతి చెప్పాలా? ఆమెను ఆ చెక్క ముందర నుంచి లేపడం ఎవరి తరమూ కాలేదు. మగ్గం ఆపి లేచిందంటే యంత్రం ముందరే. వంకాయ పెడితే పిప్పి అవుతుందని, బీరకాయ వంగిపోతుందని, గట్టిగా నిటారుగా ఉన్నదే పనికొస్తుందని వారంలో కనిపెట్టేసింది. చిక్కుడుకాయలు చేత్తో తుంచడం, ఎర్రగడ్డ చాకుతో మెల్లగా కోయడం ప్రమోద వంతు. ఇంట్లో సొరకాయ తాళింపు, క్యారెట్ తాళింపు, బెంగళూరు వంకాయకు చెనక్కాయల పొడి వేసి వేపుడు. "మనం కూర తింటాండామా, శావిగలు తింటాండామా మా?" అని అశోక్ సేమ్యాలాంటి ఆ చుట్టల్ని చూసి మొత్తుకునేవాడు. మొత్తుకుంటూనే రెండోసారి వడ్డించుకునేవాడు.

ఈలపీట గోడకు చేరింది. ప్రమోద వేళ్ళ మీద గీతలు ఒక్కొక్కటే పూడుకుపోయాయి. రెండు నెలలకు ఆముదం పట్టిస్తుంటే వేళ్ళు తనవి కానట్టు జారిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. చెప్పి, మళ్ళీ కాదనిపించుకోవడానికి ధైర్యం చాల్లేదు.

శ్రావణం పెళ్ళిళ్ళకు ఒక చీర మగ్గం మీద ఉంది. అరిటాకు పచ్చ ఒళ్ళు, వంగపండు అంచు. ఒక పొద్దున ఆ అంచులో మూడోసారి పోగు తప్పింది. అశోక్ విప్పడానికి వంగాడు. కుళ్ళాయమ్మ నాడె ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంక నాకు కనపడదురా" అంది.

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. అశోక్ చేతులు ఆగిపోయాయి. "పోనీలే మా. ఈ చీర అవుతూనే నిలిపేస్తాం."

"నిలిపేదేందిరా? ఆడుంది కదా మనిషి!" అని వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచింది. "ప్రమోదా! చెయ్యి కడుక్కోని రా. కూర నేను చూసుకుంటా."

ప్రమోద వచ్చింది. కుళ్ళాయమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచి, కోడలి చెయ్యి పట్టుకుని, వేలి కొసలు ఒకసారి తడిమి, తన చోట కూర్చోబెట్టింది. పలక ఇంకా ఆమె ఒంటి వేడితో వెచ్చగా ఉంది. ప్రమోద నాడె అందుకుంది. అశోక్ పక్కకు చూడకుండా, "మెల్లగా. నేను ఆగుతాలే" అన్నాడు. మొదటి నాడె విసిరేసరికి చెమట పట్టింది. పదోదానికి ఊపిరి ఆడింది. వందోదానికి అశోక్ ఏదో ఎగతాళి చేశాడు. ఆమె నవ్వింది. ఆ మాట ఈసారి మొత్తం వినపడింది.

వంటింట్లో యంత్రం తిరుగుతూనే ఉంది. మధ్యలో ఆగి, "పోగు గుంజొద్దు! చప్పుడు బిగుసుకుంటాండాది!" అని కేక వచ్చేది. మళ్ళీ తిరిగేది.

సాయంత్రం వెలుతురు తగ్గేసరికి ఒక మూర దిగింది. కుళ్ళాయమ్మ చేతులు కడుక్కుని, తడి లేకుండా కొంగుకు తుడుచుకుని వచ్చి నేసిన బట్ట మీదికి వంగింది. కళ్ళు మూసుకుంది. వేళ్ళు అంచు వెంబడి పోనిచ్చింది. పైకి పోయింది, కిందికి వచ్చింది. మళ్ళీ పైకి పోయింది. ప్రమోద ఆ వేళ్ళనే చూస్తోంది. ఎక్కడో తప్పు తగిలినట్టుంది.

"ఏముండాది మా? పోగు తప్పిందా?" అన్నాడు అశోక్.

"లేదురా" అంది కుళ్ళాయమ్మ, వేళ్ళు బట్ట మీది నుంచి తియ్యకుండానే. "అంచులో నేను యాడ లేచినానో ఎతుకుతాండా. దొరకలే."