బూట్ల సాకు

మాలో పెద్దవాళ్లు ఎదురైతే సైకిలు దిగుతాం. ఇది ఎవరూ నేర్పరు. సైకిలు ఇంకా దొర్లుతుండగానే ఎడమ కాలు పెడల్ మీద ఉంచి, కుడి కాలు వెనక నుంచి తిప్పి, నేల మీద రెండడుగులు ఉరికి నిలబడతాం. హ్యాండిల్ పట్టుకుని పెద్దాయన పక్కన కొంతదూరం నడిచి, ఆయన "ఇగ పో" అన్నాకే మళ్లీ ఎక్కుతాం. మరమగ్గాలను మేం సాంచెలంటాం. సాంచెల మీద పనికి సూరత్‌లో డిండోలి నుంచి పాండేసర పోయినన్నాళ్లు నేను దిగని రోజు లేదు. దిగకుండా పోయింది ఒక్క మనిషి ముందు నుంచే. ఎవరి ముందు దిగి తీరాలో ఆ మనిషే ఆయన.

ఆయన్ని అన్న అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు. సూరత్‌లో రైలు దిగిన రోజు నాకు ఏ బోర్డూ చదవడం రాదు. అన్న తన గదికి తీసుకుపోయి, మర్నాడే సాంచె ముందు నిలబెట్టి పని నేర్పాడు. నాకు పెళ్లయ్యేదాకా అన్నం పెట్టింది వదిన. నలభై దాటాక కూతురి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను; అంతవరకు మా అమ్మకు నా క్షేమం కార్డు మీద రాసి పంపింది కూడా వదినే.

కరోనా రెండో ఏడు వదిన పోయింది. ఆసుపత్రిలోకి అన్నను రానివ్వలేదు. పోయాక ముఖం కూడా సరిగా చూపలేదట. ఎవరూ రావద్దన్నారు కాబట్టి నేనూ వెళ్లలేదు. అంతవరకు తప్పు లేదు. తర్వాత మిల్లులు తెరిచారు, పెళ్లిళ్లు మొదలయ్యాయి, జనం భుజాలు రాసుకుని తిరిగారు. అప్పుడు కూడా నేను పరామర్శకు వెళ్లలేదు. అన్న కనబడ్డవాళ్లనల్లా పట్టుకుని ఆసుపత్రి సంగతే చెబుతున్నాడని విన్నాను. రోగానికి భయపడ్డానని రాస్తే వినడానికి బాగుంటుంది. నిజం అది కాదు. ఒక ముసలాయన ఏడుపు వినే ఓపిక నాకు లేకపోయింది.

ఆ రోజుల్లోనే నాకు షుగర్ పెరిగింది. అల్లుడికి ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటర్ పని. పొద్దున్నే స్నేహితులతో కలిసి ఊరి బయట కిమ్ దాకా సైకిలు తొక్కి వచ్చేవాడు. తను కొత్తది కొనుక్కుని పాత రేసు సైకిలు నాకిచ్చాడు, బూట్లతో సహా. ఆ సైకిలు పెడళ్లు మామూలువి కావు. బూటు అడుగున ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని పెడల్ మీద నొక్కితే టక్కుమని ఇరుక్కుంటుంది. మడమ బయటికి తిప్పితేనే ఊడుతుంది. దాని పేరేమో క్లిప్‌లెస్. క్లిప్పులు లేనిదట! ఉన్నదంతా క్లిప్పే.

"మామయ్యా, ఆగినంక తిప్పుడు కాదు. ఆగకముందే తిప్పుండ్రి," అని అల్లుడు వందసార్లు చెప్పాడు.

మొదటిసారి ఉధ్నా సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి, అలవాటుగా కాలు దించబోయాను. కాలు రాలేదు. సైకిలు, నేను కలిసి బియ్యం బస్తాలా పక్కకు ఒరిగిపోయాం. కూరగాయల బండివాడు పకపక నవ్వి "అరే కాకా, సోనా హై తో ఘర్ జావ్!" అని, పడుకోవాలంటే ఇంటికి పొమ్మన్నాడు. అల్లుడి స్నేహితులు మాత్రం నవ్వలేదు. ఈ పెడళ్లతో అందరూ పడతారట, పడనివాడు లేడట. మోచెయ్యి గీరుకుపోయినా నాకు సంతోషమైంది. కొన్ని వారాలకు కాలు దానంతటదే తిరగడం నేర్చుకుంది. ఇరికిన కాలితో పెడల్‌ను కిందికి తొక్కడమే కాదు, పైకి లాగవచ్చు కూడా. ఈ వయసులో కుర్రాళ్ల వెనక వరుసలో గాలి చీల్చుకుపోతుంటే నాకు పొగరెక్కింది. ఎందుకు దాచాలి.

అలాంటి ఒక పొద్దున, డిండోలి దాటకముందే అన్న కనబడ్డాడు. పాండేసరలో అద్దకం మిల్లు గేటు దగ్గర కాపలా పని ఆయనకు. సంచి భుజాన వేసుకుని నడుస్తున్నాడు. నన్ను పోల్చుకుని చెయ్యెత్తాడు.

"తమ్మీ! జర ఆగురా!"

ముందు కుర్రాళ్లు సాగిపోతున్నారు. ఆగితే ఆసుపత్రి కథంతా వినాలి. నా మడమ బాగానే తిరుగుతుందని నాకు తెలుసు.

"కాళ్లు ఇరికినయే అన్నా! దిగరాదు!" అని అరిచి పోయాను.

ఆ సాయంత్రం నా భార్య చెప్పింది, అన్న ఆ మాట నమ్మాడని. కిరాణా కొట్టు దగ్గర నలుగురితో అన్నాడట: "పాపం, వాని కాళ్లు సైకిల్‌కే కట్టేసుంటయ్. షుగర్‌కు గట్ల తొక్కాల్నట." తిట్టాడని చెప్పినా బాగుండేది.

తర్వాత కొన్నాళ్లు వేరే వీధి గుండా పోయాను. ఆ వీధి తవ్వేసినప్పుడు మళ్లీ పాత దారే దిక్కయింది. ఆ రోజు అల్లుడు రాలేదు, నేనొక్కణ్నే. అన్న దూరం నుంచే నన్ను చూశాడు. చూసి, రోడ్డు మీది నుంచి మట్టిలోకి తప్పుకుని, రెండు చేతులూ ఊపాడు.

"పో, పో! ఆగకు తమ్మీ, పడ్తవ్!"

ఆ తప్పుకోవడం చూశాక ఇంక తొక్కలేకపోయాను. ఎడమ మడమ తిప్పాను, ఊడింది. అక్కడిదాకా సరిగానే ఉంది. పెద్దాయన ఎదురుగా ఉన్నాడు కదా, ఒంటికి పాత అలవాటు గుర్తొచ్చింది. దొర్లుతున్న సైకిలు మీదే కుడి కాలు వెనకనుంచి తిప్పబోయాను. కుడి బూటు ఇంకా పెడల్‌లోనే ఉంది. వెళ్లి అన్న కాళ్ల దగ్గర పడ్డాను.

ఆయన సంచి పారేసి ఉరికి వచ్చాడు. ఇరుక్కున్న బూటు పట్టుకుని గుంజాడు, రాలేదు. నేనే తిప్పి తీశాను.

"చెప్తె ఇంటవా? నువ్వు దిగరాదన్ననాడే నాకు ఎరుకయింది. గీ ముసల్తనంల నీకీ సర్కస్ ఏందిరా?"

నా అబద్ధాన్ని నేనే నిజం చేసినట్టయింది. నోరు తెరవబోతే దుమ్ము తగిలింది. ఆనాటిది అబద్ధమని చెప్పలేదు. "వదిన పోయినంక పలకరించ రాలేదే అన్నా," అన్నాను. అదైనా అనగలిగాను.

అన్న ఆ పూట పనికి పోలేదు. ఆయన వద్దంటున్నా సైకిలు నేనే తోసుకుంటూ, ఆ బూట్లతో టకటకమంటూ ఆయన గదికి నడిచాను. చాప వేశాడు. ఇక ఆసుపత్రి సంగతి మొదలవుతుందని తల వంచుకు కూర్చున్నాను. మొదలవలేదు.

"ఆనాడు నిన్ను ఆపింది ఒకటి అడుగుదామని," అన్నాడు. "మీ వదిన ముచ్చట పెట్టేటప్పుడు గొంతు ఎట్లుండేదిరా? నాకు ఆఖరి దినాల దగ్గే ఇనవడ్తది. ముందటి మాట యాదికొస్తలేదు. ఆమె చేతి బువ్వ తిన్నోడివి నువ్వే ఉన్నవ్ ఈడ."

ఆయన చెప్పాలనుకోలేదు. వినాలనుకున్నాడు. ఆయనకు కావలసింది నా దగ్గర పెట్టుకుని, ఇన్ని నెలలు సైకిలెక్కి తిరిగాను.

పని నుంచి వచ్చి గోడకు ఆనుకుని నిద్రపోయే నన్ను లేపడానికి ఆమె తిట్టే తిట్టు నోటికొచ్చింది. ఆమెలాగే ముక్కుతో సాగదీసి అన్నాను: "సాంచె కాడనే పండకపోయినవురా మొద్దు! లే, బువ్వ సల్లారవట్టె!"

అన్న గోడ వంక చూస్తూ విన్నాడు. పెదవులు కదిలాయి.

"మల్లొకపారి అను," అన్నాడు.

అన్నాను.