మోచేతుల కింద చాట

మా తోటికోడలు రెండు చేతులూ పైకెత్తి కొప్పు ముడుచుకుంటుంటే నేను చూడలేకపోయేదాన్ని. వర్ని దగ్గర కాలువ కింద ఊళ్లో నాట్లు వేసి పెరిగిన మనిషి. మా మరిదిని చేసుకుని నిజామాబాద్‌లో మా ఇంటికొచ్చిన నాటినుంచి నెత్తిమీద ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని బోరింగు నుంచి నవ్వుకుంటూ వచ్చేది.

నాకు వేళ్లు బాగానే ఆడేవి. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే మా వాడకట్టులో నాతో సమానంగా బీడీలు చుట్టేవాళ్లు తక్కువ. చెయ్యి భుజం దాటి లేవాలంటేనే కష్టం. ఇసుక నింపినట్టు బరువెక్కి కిందికి జారిపోయేది. మా అత్త నమ్మలేదు.

"బీడీలకు లేని నొప్పి బిందెకొస్తదా?" అనేది.

నీళ్ల సంగతి ఎలాగో మింగాను. మింగలేనిది నా బిడ్డ జడల సంగతి. బడికి రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టాలి. ఒకటి అల్లేసరికే నా చేతులు పడిపోయేవి. సగం అల్లిన తలతో అది దువ్వెన పట్టుకుని వాకిలి దాటి మా తోటికోడలి గడపకు పోయేది.

"సిన్నమ్మా, జడలెయ్యి."

ఆమెకు ఉన్నది ఇద్దరు కొడుకులే. జడలు వేసే ముచ్చట నా బిడ్డ నెత్తిమీద తీర్చుకునేది. "అక్కా, నువ్వు కూసో. గింత పనికి నువ్వెందుకు కష్టపడుతవ్?" అనేది. మంచిగానే అనేది, ఆ మంచితనానికే నాకు ఒళ్లు మండేది. సాయంత్రం బిడ్డను దగ్గరికి తీసుకుంటే దాని తలలోంచి ఆమె ఉసిరినూనె వాసన వచ్చేది.

ఒకనాడు బిడ్డ బడినుంచి వచ్చి చెప్పింది. "అమ్మా, మా టీచరు మీ అమ్మ జడలు మంచిగేస్తది అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే."

నన్ను పట్నం దవాఖానకు తీసుకుపొమ్మని మా ఆయన దగ్గర పట్టుబట్టాను. ఆయన బోధన్ దిక్కు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. "చెరుకు సీజను అయిపోనీ, పోదాం" అన్నాడు. అన్నట్టే తీసుకుపోయాడు.

అక్కడ తొడలోంచి చిన్న కండ ముక్క తీసి పరీక్ష చేశారు. తర్వాత డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

"కండలో సన్నని పోగులుంటాయమ్మా, ఆక్టిన్ అంటారు. దాదాపు అన్నీ కండను లాగే పోగులే. అవి నీకు బాగానే ఉన్నాయి. ఇంకో రకం ఉంటాయి, చాలా కొంచెం. అవి లాగవు, లోపల ఎక్కడివి అక్కడ ఉండేలా చూస్తాయి. కండకు శక్తినిచ్చే మైటోకాండ్రియా అని గింజల్లాంటివి ఉంటాయి. నీకు ఆ గింజలు సరిగా పనిచేయడం లేదు. ఆ రెండో రకం పోగుల వల్లనా, వేరే కారణమా అన్నది నేను చెప్పలేను. ఇంకా వెతుకుతున్నారు."

ఆ రెండో రకం పోగులు లేని ఎలుకల్లో కండ మెల్లగా నీరసిస్తుందని, ఆ గింజలూ చెడతాయని చాలా ఏళ్లకు నా బిడ్డే చదివి చెప్పింది. ఆనాడు నేను అడిగింది మాత్రం వేరు.

"మా తోటికోడలికి గూడ ఉంటయా అమ్మా, ఆ పోగులు?"

"అందరికీ ఉంటాయి."

"మందు?"

"దీనికి మందు లేదమ్మా. అలసట రాకముందే పని ఆపు. చేతులు గాల్లో ఎత్తిపెట్టకు, మోచేతులు దేనిమీదైనా ఆన్చుకో."

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఇందల్వాయి దగ్గర బస్సు ఆగితే మా ఆయన చాయ్ తెచ్చిచ్చాడు. నాకు తాగబుద్ధి కాలేదు. కంటికి కనపడని పోగు కూడా ఆమెకే చక్కగా పనిచేస్తుందే అని అదొకటే గుబులు.

తెల్లారి బిడ్డను వాకిట్లో కింద కూర్చోబెట్టాను. నేను వెనక గద్దెమీద కూర్చుని, బీడీల చాటను ఒళ్లో బోర్లించి, మోచేతులు దానిమీద ఆన్చాను. చేతులు సరిగ్గా దాని తల దగ్గరికి వచ్చాయి. కొంచెం అల్లడం, ఆగడం, మళ్లీ అల్లడం. జడ చివర బీడీల దారంతో బిగించి పైన రిబ్బన్ కట్టాను.

"అమ్మా, నెత్తంత తంబాకు వాసనొస్తున్నది."

"రానీ."

ఇంతలో మా తోటికోడలు దువ్వెన పట్టుకుని తన గడపలోకి వచ్చింది. "ఏమే, ఇంక రాకపోతివి? బడికి యాళ్లయితలేదా?"

"అమ్మనే ఏసింది సిన్నమ్మా" అని బిడ్డ వెనక్కి తిరిగి చూపించింది.

ఆమె అక్కణ్ణుంచే దాని తల చూసింది. తర్వాత, "పాపిట వంకరున్నది. ఇటు దా, సక్కజేస్త" అంది.

"ఉండనీ చెల్లె" అన్నాను. "గింత పనికి నువ్వెందుకు కష్టపడుతవ్?"

ఆమె దువ్వెన పళ్లలో చిక్కిన వెంట్రుకలు తీసుకుంటూ అక్కడే నిలబడింది. పాపిట నిజంగానే వంకరగా ఉంది. అలాగే పంపాను.