ట్రెజరర్ గారి సాయంత్రాలు

మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు కొవ్వూరు నుంచి భోజనానికొచ్చాడు. కరెంటాఫీసులో ఉద్యోగం వాడికి. బొమ్మిడాయిల పులుసు రెండోసారి వడ్డిస్తుంటే ఫోను కుయ్యిమంది. ఎడంచేత్తో తీసి చూసి, "యూనియన్ చందా కట్టయింది పెద్దమ్మా, జీతంలోంచి" అన్నాడు. మీ ట్రెజరర్ ఎవర్రా అనడిగాను. "ఎవరో ఉంటార్లే, నేనెప్పుడూ చూళ్ళేదు" అని నవ్వి మజ్జిగ వెయ్యమన్నాడు. ఎదురుగా కూర్చున్న మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. పులుసులో ఉప్పెక్కువైందేమోనని వాడు నా మొహం చూశాడు. వాడికేం తెలుసు పాపం!

చెరకు ఫ్యాక్టరీలో చేసినన్నాళ్ళూ మా ఆయన అక్కడి యూనియన్ బ్రాంచికి ట్రెజరరు. జీతం లేని ఉద్యోగం. చందాలు వసూలు చెయ్యాలి, రసీదులు రాయాలి, డబ్బు బ్యాంకులో వెయ్యాలి, ఏడాదికోసారి జమాఖర్చులు సమావేశంలో చదివి, టీ ఖర్చు అంతెందుకైందని ఆ టీ తాగినవాళ్ళ చేతే తిట్లు తినాలి. జీతాల రోజు సాయంత్రమైతే మా అరుగు నిండా జనమే. చెరకు మడ్డి వాసన, చెమట వాసన, బీడీ పొగ. ఎవరి పెళ్ళాం అలిగి పుట్టింటికెళ్ళిందో, ఎవరు జీతం అందుకుని తాగడానికి తిన్నగా యానాం బస్సెక్కాడో అన్నీ అక్కడే తేలేవి. చందాకంటే కబుర్లే ఎక్కువ వసూలయ్యేవి. టీలు కాచలేక నేను, "ఇది కొంపా, ఫ్యాక్టరీ క్యాంటీనా?" అని లోపల్నుంచి అరిచేదాన్ని. బయట అందరూ విననట్టు నటించేవారు.

అరుగు మీదకి రానివాళ్ళుంటే ఈయనే సైకిలేసుకుని వాళ్ళింటికి బయల్దేరేవారు. వరసగా మూడు నెలలు చందా కట్టకపోతే సభ్యుల్లోంచి పేరు తీసెయ్యాలని రూలు. ఆ రూలు ఎవరిమీదా పడకుండా చూడటమే తన పనన్నట్టు కాళ్ళరిగేలా తిరిగేవారు. జబ్బుపడ్డవాడి దగ్గరైనా సరే, చందా తీసుకోకుండా వచ్చేవారు కాదు. నాకు ఒళ్ళు మండి, "మంచాన పడ్డ మనిషిని డబ్బులడుగుతారా? సిగ్గులేదూ?" అన్నానొకసారి. "అడక్కపోతే వాణ్ణి లెక్కలోంచి తీసేశామనుకుంటాడే పిచ్చిదానా" అన్నారు. పెద్ద చెప్పొచ్చారనుకున్నాను.

తరవాత కొత్త సెక్రటరీ గారొచ్చారు. చురుకైన మనిషి. మేనేజ్‌మెంటుతో మాట్లాడి, చందా జీతంలోంచే కోసి యూనియన్‌కి చెక్కు ఇచ్చేలా ఒప్పించారు. ఆవేళ బ్రాంచంతా కాజాలు పంచుకున్నారు. నాకైతే పీడా వదిలిందనిపించింది. ఇక మా ఆయనకి మిగిలిన పనల్లా నెలకోసారి ఆఫీసుకెళ్ళి, పేర్ల జాబితా కింద మొత్తం చూసుకుని, చెక్కు బ్యాంకులో వేసి రావడం. సైకిలు వసారాలో గోడకి జేరబడింది. సాయంత్రాలు ఈయన వాలుకుర్చీలో పడుకుని పేపర్లో సంతాప ప్రకటనల్తో సహా చదివేవారు. ఎంత సుఖమో!

జీతం రానివాడికి చందా కోత ఎక్కడిదీ అన్న ఆలోచన మాత్రం అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

చెరకు దింపే దగ్గర పనిచేసే అతనొకడుండేవాడు. నన్ను అక్కగారూ అని పిలిచేవాడు, ఏం చెప్పినా ఆయ్ ఆయ్ అని తలాడించేవాడు. పచ్చకామెర్లొచ్చి మంచమెక్కాడు. సెలవులైపోయాయి, జీతం ఆగింది, దాంతో చందా కోతా ఆగింది. మూడు నెలలయ్యేసరికి జాబితాలో పేరు మాయం. ఒంట్లో బాగోలేదని ఎవరో అంటే ఈయన వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది, పోయాడని. జెండా తెమ్మంది అతని భార్య. సభ్యుడు పోతే శవం మీద యూనియన్ జెండా కప్పి, అందరూ వెంట నడవడం, ఇంటికి కొంత సాయం అందించడం మా బ్రాంచి ఆనవాయితీ.

సెక్రటరీ గారు జాబితా చూసి నీళ్ళు నమిలారు. "ఇప్పుడితను మెంబరు కాదండీ. రేపు ఆడిట్‌లో ఏం చెబుతాం?" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, భయస్థులు. పైవాళ్ళకి ఫోను చెయ్యడం, వాళ్ళు ఇంకెవరినో అడగడం... "మీ ఆడిట్ తగలెయ్య!" అని మా ఆయన జెండా చంకన పెట్టుకుని పరిగెత్తారు. వెళ్ళేసరికి చితి అంటుకుంది.

నెల తిరక్కుండా మా ఆయనే పట్టుబట్టి, సాయం ఇవ్వాలని కమిటీ చేత తీర్మానం చేయించారు. సాయం డబ్బు తీసుకుని ఈయన బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, డబ్బు తీసుకుంది. పిల్లలున్నారు, ఎందుకు తీసుకోదు? ఒక్క మాట అనలేదు మమ్మల్ని. అంటే బాగుండేది. మేం లేవబోతుంటే లోపలికెళ్ళి, కొంగు ముడి విప్పుతూ వచ్చింది.

"ఇవి మూడు నెలల చందాలండి. నెల నెలా దిండు కింద పెట్టించుకునేవారండి. ఇంట్లో బియ్యం నిండుకున్నా ముట్టుకోనిచ్చేవారు కాదు. ట్రెజరర్ గారు తప్పకుండా వస్తారు, ఆయనొచ్చినప్పుడు లేవనుకోకూడదు అనేవారండి. సైకిలు చప్పుడైతే చాలు, చూసి రమ్మనేవారు."

మా ఆయన చెయ్యి చాచారు గానీ, ఆ డబ్బు అందుకోలేక అక్కడే అరుగు మీద కూలబడిపోయారు. అంత పెద్దమనిషి అలా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. ఆవిడే మళ్ళీ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఇన్నేళ్ళూ పనులు సుళువు చేసుకుంటూనే వచ్చాం. ఆ కలిసొచ్చిన పొద్దంతా ఏం చేశారయ్యా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా ఆయన దగ్గరా ఏమీ లేదు, నా దగ్గరా లేదు.